స్కానర్ నొక్కిన ఎంటర్

మా టీమ్ ఒక లైబ్రరీ కౌంటర్ స్క్రీన్‌ని కొత్తగా డిజైన్ చేసింది. పుస్తకాలు ఇచ్చేటప్పుడూ తిరిగి తీసుకునేటప్పుడూ అక్కడి సిబ్బంది రోజంతా చూసే స్క్రీన్ అది. పాతది పన్నెండేళ్ల నాటిది: చిన్న అక్షరాలు, బూడిదరంగు పెట్టెలు, ఒక్కో పనికి ఒక్కో ఫంక్షన్ కీ. కొత్తదాన్ని చూసినవాళ్లంతా బాగుందన్నారు. దాన్ని అన్ని కౌంటర్లలో పెట్టేముందు, వాడేవాళ్ల పక్కన కూర్చుని చూసి రిపోర్టు ఇచ్చే పని నాకు అప్పగించారు. ఈ పని నేను తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. అయినా ఈ కౌంటర్ దగ్గర గడిపిన రెండు ఉదయాలు నాకు కొత్త పాఠం నేర్పాయి. మర్చిపోకముందే రాసిపెట్టుకుంటున్నాను.

మొదటి మీటింగులోనే నేను అడిగిన ప్రశ్న ఒకటుంది. ఏం చూస్తే ఈ కొత్త స్క్రీన్ పనికిరాదని మనం ఒప్పుకుంటాం? గదిలో ఎవరూ మాట్లాడలేదు. డిజైనర్ ముఖం కొంచెం చిన్నబోయింది కూడా. కానీ ఈ ప్రశ్నకు జవాబు ముందే కాగితం మీద లేకపోతే, తర్వాత చూసేదంతా మనకు అనుకూలంగానే కనిపిస్తుంది. ఎవరైనా తడబడితే "కొత్త కదా, అలవాటవుతుంది" అంటాం. తడబడకపోతే "చూశారా, ఎంత సులువో" అంటాం. రెండువైపులా మనమే గెలిచే ఆటలో చూడటానికి ఏమీ మిగలదు. గంటసేపు వాదించుకున్నాక మూడు వాక్యాలు రాసుకున్నాం. తిరిగొచ్చిన పుస్తకం ఒక్కటైనా రికార్డులోకి ఎక్కకుండా పోతే ఫెయిల్. వేరేవాళ్లు రిజర్వ్ చేసుకున్న పుస్తకం అల్మరాలోకి వెళ్లిపోతే ఫెయిల్. సగం రోజు వాడిన తర్వాత కూడా పాత స్క్రీన్ కంటే ఎక్కువ సమయం పడితే, ఎందుకో తేలేదాకా ముందుకు పోకూడదు.

ఆ "సగం రోజు" అన్న మాట ఊరికే చేర్చింది కాదు. పన్నెండేళ్లు ఒకే కీ నొక్కిన వేలు కొత్త స్క్రీన్ ముందు తడుముకుంటుంది. అది స్క్రీన్ లోపం కాదు, వేలికి ఉన్న అలవాటు. మొదటి పది నిమిషాల్లో గడియారం పట్టుకుని పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చితే ఏ కొత్త డిజైన్ అయినా ఓడిపోతుంది. అలాగని సమయమే చూడకుండా వదిలేయకూడదు. అందుకని ముందు వాళ్లంతట వాళ్లను వాడుకోనిచ్చి, ఆ తర్వాత లెక్కపెట్టాలని నిర్ణయించుకున్నాం.

ఎంతమందిని చూడాలన్న దగ్గర ఎప్పటిలాగే "అయిదుగురు చాలు కదా" అన్న మాట వచ్చింది. ఈ రంగంలో అందరికీ నోటికొచ్చిన అంకె అది. దాని వెనక ఉన్న లెక్క మాత్రం చాలామంది చూడరు. 1993లో ఈ రంగంలోని పరిశోధకులు జేకబ్ నీల్సన్, థామస్ లాండయర్ తమ దగ్గరున్న ప్రాజెక్టుల డేటా తీసుకుని చూస్తే, ఒక్కో మనిషిని గమనించినప్పుడు ఉన్న సమస్యల్లో సగటున 31 శాతం బయటపడ్డాయి. ఆ లెక్కన అయిదుగురిని చూస్తే దాదాపు 85 శాతం బయటపడతాయి. కానీ 31 అనేది సగటు. పదిమందిలో ఒక్కరికే ఎదురయ్యే సమస్య ఉందనుకోండి, అయిదుగురిని చూసినా అది మన కంటపడే అవకాశం 41 శాతమే. అంటే సగానికి పైగా సార్లు మనం దాన్ని చూడకుండానే "అంతా బాగుంది" అని రాసేస్తాం. కాబట్టి ఎందరిని చూశామన్నదొక్కటే సరిపోదు. ఎక్కడ చూశాం, ఏ పని చేస్తుండగా చూశాం అన్నది కూడా అంతే ముఖ్యం. ఈ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. ఆ కౌంటర్ దగ్గర మాత్రం కళ్లారా చూశాను.

చివరికి ఆరుగురిని ఎంచుకున్నాం. ముగ్గురికి పాత స్క్రీన్ ముందు, కొత్తది తర్వాత. ముగ్గురికి కొత్తది ముందు. అందరికీ ఒకే వరుసలో ఇస్తే, రెండోసారి చేసేటప్పుడు చేయి తిరిగి ఉంటుంది, ఆ మంచి పేరంతా రెండో స్క్రీన్‌కి పోతుంది. ఆరుగురిలో ఇద్దరు ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు. ఒకావిడ పంతొమ్మిదేళ్లుగా అదే కౌంటర్‌లో ఉన్నారు.

టాస్కులు, అంటే వాళ్లు చేయాల్సిన పనులు, కార్డుల మీద రాయడం దగ్గర నా వల్ల ఒక తప్పు జరిగింది. మొదటి చిత్తుప్రతిలో ఒక కార్డు మీద "ఈ పుస్తకాన్ని రెన్యూ చేయండి" అని రాశాను. అసలు సెషన్లకు రెండు రోజుల ముందు, వేరే టీమ్‌లో ఉన్న స్నేహితురాలిని కూర్చోబెట్టి పైలట్, అంటే ఒక రిహార్సల్, చేశాను. లైబ్రరీ పని ఆమెకు అస్సలు తెలియదు. కార్డు చదివింది, స్క్రీన్ మీద "రెన్యూ" అన్న బటన్ వెతికింది, నొక్కింది. నాలుగు సెకన్లు. పని తెలియని మనిషి నాలుగు సెకన్లలో చేసేసిందంటే నేను పరీక్షిస్తున్నది స్క్రీన్‌ని కాదు, అక్షరాలు జతపరచడాన్ని. ఆ రాత్రి కార్డులన్నీ తిరగరాశాను. "ఒకాయన ఫోన్ చేశారు. పుస్తకం ఇంకా పూర్తి కాలేదట, ఇంకో వారం ఉంచుకోవచ్చా అని అడుగుతున్నారు. ఆయన కార్డు నంబరు ఇది." ఇప్పుడు స్క్రీన్ మీది మాట కార్డు మీద లేదు. ఏం చేయాలో మనిషే తేల్చుకోవాలి. పైలట్ చేయడానికి సమయం లేదనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పైలట్ చేయకపోతే మొదటి మనిషితో చేసే సెషనే పైలట్ అవుతుంది, ఆ మనిషి సమయం వృథా అవుతుంది.

మొదటి విడత మీటింగు రూములో చేశాం. అసలు సభ్యుల పేర్లు, వాళ్లు ఏ పుస్తకాలు చదువుతున్నారన్న వివరాలు మా కళ్లబడకూడదు కాబట్టి, ఉత్తుత్తి పేర్లతో ఒక డేటాబేస్ తయారుచేయించాను. వచ్చినవాళ్లకు మొదట చెప్పే మాటలు కాగితం మీద రాసుకుని, ఆరుగురికీ ఒకేలా చదివాను. "మేం చూస్తున్నది మిమ్మల్ని కాదండీ, ఈ స్క్రీన్‌ని. మీరు ఎక్కడైనా ఆగిపోతే అది మాకు పనికొచ్చే సమాచారం. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు." పరీక్ష అనే మాట ఎక్కడా వాడను. వాళ్ల పై అధికారి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే, క్షమించమని అడిగి బయటికి పంపాను. పైవాళ్లు చూస్తుంటే ఎవరూ తమ మామూలు పద్ధతిలో పని చేయరు. డెవలపర్లు పక్క గదిలోంచి స్క్రీన్ షేరింగులో చూశారు, మైకులు ఆపేసి.

మనసులో అనుకునేది పైకి చెబుతూ పని చేయమని అడిగే పద్ధతి ఉంది కదా, థింక్ అలౌడ్. 1982లో క్లేటన్ లూయిస్ ఐబీఎంలో ఉన్నప్పుడు దీన్ని కంప్యూటర్ డిజైన్ పనిలోకి తెచ్చారు. అంతకుముందే మనస్తత్వ శాస్త్రంలో ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్ ఇలాంటి మాటలకున్న విలువ గురించి 1980లో రాశారు. వాళ్లు చూపిన తేడా ఒకటి నాకు ప్రతి సెషన్‌లోనూ గుర్తుంటుంది. మనిషి తలలో ఆ క్షణాన తిరిగేది పైకి అంటే పనికి పెద్దగా ఆటంకం ఉండదు. "ఎందుకలా చేశారు?" అని మధ్యలో అడిగితే మాత్రం ఆ మనిషి కారణాలు వెతకడం మొదలుపెడతారు, ఆలోచన దారే మారిపోతుంది. అందుకే సెషన్ నడుస్తున్నప్పుడు "ఎందుకు" అనే మాట నా నోట రాకుండా చూసుకుంటాను. "ఇప్పుడేం అనుకుంటున్నారు?" దగ్గర ఆగిపోతాను.

అన్నిటికంటే కష్టం నోరు కట్టేసుకోవడమే. ఎదుటి మనిషి ఇబ్బంది పడుతుంటే చేయి చాచి చూపించాలనిపిస్తుంది, అది మంచి గుణం. కానీ "ఇది నొక్కాలాండీ?" అని ఒకతను నావైపు తిరిగి అడిగినప్పుడు అవునన్నానంటే, ఆ బటన్ గురించి నాకు ఇక ఏమీ తెలియదు. "నేను ఇక్కడ లేకపోతే ఏం చేసేవారు?" అంటాను, వీలైనంత మెల్లగా. మాట బయటికి రాబోతే లోలోపల పది లెక్కపెట్టుకుంటాను. ఏడో ఎనిమిదో అంకె దగ్గర వాళ్లే ఏదో ఒకటి చేస్తారు, అక్కడే అసలు విషయం ఉంటుంది.

నోట్సు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా పొరపడేది అక్కడే. నా పుస్తకంలో పేజీకి మూడు గడులు ఉంటాయి: సమయం, చేసింది, అన్నది. "అయోమయపడ్డారు" అని నేను రాయను. అయోమయం నాకు కనిపించదు. కనిపించేది ఇది: "10:42. మౌస్ ఎడమ మెనూ మీద పైకీ కిందికీ మూడుసార్లు. 14 సెకన్లు ఏదీ నొక్కలేదు. తర్వాత వెనక్కి." అది అయోమయమో, జ్ఞాపకం చేసుకోవడమో, లేక ఆ సమయంలో ఆవిడ మరేదో ఆలోచిస్తున్నారో తర్వాత మాట్లాడి తేల్చుకోవచ్చు. ముందే పేరు పెట్టేస్తే తేల్చుకోవడానికి ఏమీ మిగలదు. ఇంకో సంగతి: నాతో పాటు మరొకరు విడిగా నోట్సు రాశారు, సాయంత్రందాకా ఒకరిది ఒకరం చూడలేదు. ఒకే సెషన్ చూసిన ఇద్దరు అనుభవజ్ఞులు రాసే సమస్యల జాబితాల్లో చాలా తేడా ఉంటుందని పరిశోధనల్లో చాలాసార్లు తేలింది. మా రెండు జాబితాల్లోనూ ఉన్నవి పదకొండు. ఒక్కరి దగ్గరే ఉన్నవి తొమ్మిది.

ఆ గదిలో కొత్త స్క్రీన్ మంచి మార్కులే తెచ్చుకుంది. చివర్లో, వాడటం ఎంత సులువుగా అనిపించిందో అడిగే సస్ ప్రశ్నావళి ఇచ్చాం. 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది వాక్యాల పత్రం అది, స్కోరు సున్నా నుంచి వంద దాకా వస్తుంది. అందరూ దాన్ని శాతం అనుకుంటారు కానీ కాదు. చాలా ఉత్పత్తుల మీద చూసిన సగటు 68 దగ్గర ఉంటుంది. మాకు దానికంటే బాగా ఎక్కువే వచ్చింది. అయినా ఆరుగురి స్కోరుని రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేయడానికి నేను ఒప్పుకోలేదు. అందులో మర్యాద ఎంతో, నిజం ఎంతో విడదీయలేను.

పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్న ఆవిడ కూడా ఆరోజు అన్ని పనులూ తప్పు లేకుండా చేశారు. వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి ఒక మాట అన్నారు. "బాగుందమ్మా. కానీ నేనిలా కూర్చుని పని చెయ్యను కదా."

ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. యూజబిలిటీకి, అంటే ఒక వస్తువు వాడకానికి ఎంత అనువుగా ఉందన్నదానికి, అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 9241-11. 1998లో వచ్చింది, 2018లో సవరించారు. దాని నిర్వచనంలో ఫలానా మనుషులు, ఫలానా లక్ష్యాలు, ఫలానా పరిస్థితులు అని మూడూ ఉంటాయి. మేం మనుషుల్ని సరిగ్గా ఎంచుకున్నాం, లక్ష్యాలు సరిగ్గా రాసుకున్నాం. పరిస్థితుల్ని మాత్రం మీటింగు రూములో వదిలేశాం. ఆ గదిలో బార్‌కోడ్ స్కానర్ కూడా లేదు. పుస్తకం నంబర్లు కార్డుల మీద అచ్చువేసి ఇచ్చాం, వాళ్లు కీబోర్డు మీద టైప్ చేశారు. చిన్న సంగతి అనుకున్నాం.

రెండో విడత కౌంటర్ దగ్గరే పెట్టించాను. ఒక కంప్యూటర్‌లో కొత్త స్క్రీన్, అసలు రికార్డులతో, రెండు ఉదయాలు. నేను ఆవిడ వెనక కుడిపక్క, ఆవిడ చేతులూ స్క్రీన్ అంచూ కనిపించే చోట కూర్చున్నాను. వీడియో తీయలేదు, సభ్యుల పేర్లున్నాయి కాబట్టి. ముందే ఒక నియమం రాసుకున్నాను: ఎదురుగా సభ్యులు నిలబడి ఉండగా వాళ్లకు నష్టం కలిగే తప్పు జరిగితే వెంటనే చెబుతాను. తర్వాత సరిచేయగలిగేది అయితే నంబరు రాసుకుని, చేతిలో ఉన్న పని అయ్యాక చెబుతాను.

రాత్రిపూట జనం వచ్చి పుస్తకాలు పడేసి వెళ్లే డబ్బా ఉంటుంది. తెల్లారగానే దాన్ని ఖాళీ చేసి, పుస్తకాలన్నీ రిటర్న్ రాయడం ఆవిడ మొదటి పని. ఆ రోజు 43 పుస్తకాలు. ఆవిడ కూర్చోలేదు, నిలబడ్డారు. ఎడమ చేత్తో దొంతర పైనుంచి పుస్తకం తీసి తిప్పి పట్టుకున్నారు, కుడిచేత్తో స్కానర్ నొక్కారు. కీచుమంది. పుస్తకం కుడివైపు వెళ్లింది. అప్పటికే ఎడమ చేతిలో తర్వాతి పుస్తకం ఉంది. ఒక్కోదానికి రెండు సెకన్లు కూడా పట్టట్లేదు. కళ్లు బార్‌కోడ్ మీద ఉన్నాయి, స్క్రీన్ వైపు చూపే లేదు. చూడాల్సిన అవసరం ఇన్నేళ్లలో ఆవిడకు రాలేదు. పాత స్క్రీన్ ఏదైనా తేడా ఉంటే కంప్యూటర్ నుంచి మొరటుగా ఒక శబ్దం చేసేది, ఆవిడ ఆగేవారు. స్కానర్ కీచు వేరు, ఆ శబ్దం వేరు. స్కానర్ కీచుకి అర్థం "గీతలు చదివాను" అనే. అవతల కంప్యూటర్ ఆ పుస్తకాన్ని తీసుకుందో లేదో స్కానర్‌కి తెలియదు.

పదిహేడో పుస్తకం వేరే ఎవరో రిజర్వ్ చేసుకున్నది. మా కొత్త స్క్రీన్ మధ్యలో ఒక చక్కటి పెట్టె తెరుచుకుంది: "ఈ పుస్తకం మరొకరి కోసం రిజర్వ్ అయి ఉంది." కింద నీలిరంగు బటన్, "సరే". పాత స్క్రీన్‌లో ఈ హెచ్చరిక ఒక మూల చిన్న ఎర్ర అక్షరాల్లో ఉండేది. బాగా కనిపించాలని మధ్యలోకి తెచ్చాం, అది చేసినందుకు సంతోషపడ్డాం కూడా. నేను ఆ పెట్టె చూశాను. ఒక సెకను తర్వాత అది లేదు. ఆవిడ కీబోర్డు ముట్టుకోలేదు, మౌస్ ముట్టుకోలేదు.

పద్దెనిమిదో పుస్తకం స్కాన్ అయింది, అంతే. బార్‌కోడ్ స్కానర్ కంప్యూటర్‌కి ఒక కీబోర్డులాగే కనిపిస్తుంది. అంకెలు టైప్ చేసి, చివర్న ఎంటర్ కొడుతుంది. పెట్టె తెరిచి ఉన్నప్పుడు ఆ అంకెలు ఎక్కడా నమోదు కావు. చివరి ఎంటర్ మాత్రం నీలిరంగు "సరే"ని నొక్కేస్తుంది. అంటే ఒక్క కీచుతో రెండు నష్టాలు. రిజర్వ్ అయిన పదిహేడో పుస్తకం మామూలు పుస్తకాల్లో కలిసిపోయింది. పద్దెనిమిదోది అసలు రిటర్న్ కాలేదు, తెచ్చి పడేసిన సభ్యుడి పేరు మీదే ఉండిపోయింది. గడువు దాటితే ఆయనకు జరిమానా నోటీసు వెళ్తుంది. "నేను ఇచ్చేశానండీ" అని ఆయన కౌంటర్ దగ్గరికొచ్చి వాదిస్తే, రికార్డు చూసి ఆయన మాట నమ్మని పరిస్థితి వస్తుంది. మేం రాసుకున్న మూడు వాక్యాల్లో మొదటి రెండూ ఒకే క్షణంలో ఫెయిల్.

గదిలో ఇది ఎందుకు కనిపించలేదో అప్పుడే అర్థమైంది. చేత్తో టైప్ చేసేవాళ్లు స్క్రీన్ చూస్తూ టైప్ చేస్తారు, పెట్టె రాగానే ఆగుతారు. అక్కడ ఆరుగురికి బదులు అరవైమందిని కూర్చోబెట్టినా ఇది బయటపడేది కాదు.

నేను నోరు విప్పలేదు. ఇంకా ఇరవై అయిదు పుస్తకాలున్నాయి. నా నియమం ప్రకారం ఇది తర్వాత సరిచేయగలిగేదే. అయినా ఆ కాసేపు నాకు చాలా భారంగా గడిచింది. ఆవిడ అంత నమ్మకంగా, అంత శుభ్రంగా పని చేస్తున్నారు, మా స్క్రీన్ ఆవిడ చేత తప్పు చేయిస్తోంది. ముప్పై ఒకటో పుస్తకం దగ్గర మళ్లీ అదే జరిగింది. పుస్తకాల స్థానాలు రాసుకున్నాను. దొంతర అయిపోగానే లేచి చెప్పాను. ఆవిడ ముందు నమ్మలేదు, "కీచుమంది కదమ్మా" అన్నారు. నాలుగు పుస్తకాలూ వెతికి తీశాం, సరిచేశాం. తర్వాత ఆవిడ కుర్చీలో కూర్చుని కాసేపు మాట్లాడలేదు. "నా వయసు వల్లేమో అనుకుంటారు అందరూ" అన్నారు చివరికి. కాదని, తప్పు మాదేనని, దీన్ని ఎవరు వాడినా ఇలాగే అవుతుందని చెప్పాను. పక్క కౌంటర్ అబ్బాయి చేత ఆవిడ ఎదుటే రిజర్వ్ అయిన పుస్తకంతో చేయించి చూపించాను కూడా. అతను చేసినా పెట్టె అలాగే మాయమైంది. అది చూశాకే ఆవిడ ముఖం తేటపడింది.

ఆ మధ్యాహ్నం రిపోర్టు రాయలేదు. డెవలపర్‌ని కౌంటర్ దగ్గరికి రమ్మని, స్కానర్ చేతికిచ్చి, పది పుస్తకాలు ఆవిడ వేగంతో చేయమన్నాను. ఆరో పుస్తకం దగ్గర ఆగి స్కానర్ వైపు, స్క్రీన్ వైపు మార్చి మార్చి చూశారు. ఇరవై పేజీలు రాసినా నేను అంత బాగా చెప్పలేను. డిజైనర్ కూడా వచ్చారు. పెట్టె తీసేయాలని అక్కడే నిలబడి నిర్ణయించారు. ఇంకా చిన్న చిన్నవి పదిహేను దాకా దొరికాయి. మెనూలో మాటలు, ఫైన్ రసీదు వచ్చే చోటు, పాత ఫంక్షన్ కీలు తిరిగి కావాలన్న కోరిక. అవన్నీ జాబితాలో తీవ్రతని బట్టి వరుసగా పెట్టాం.

మూడు వారాల తర్వాత మూడోసారి వెళ్లాను. ఇప్పుడు హెచ్చరిక ఆ పుస్తకం వరుసలోనే రంగు మారి కనిపిస్తుంది. తర్వాతి స్కాన్‌ని ఏదీ అడ్డుకోదు, దాంతోపాటు స్కానర్ కీచుకి ఏ పోలికా లేని రెండు స్వరాల శబ్దం వస్తుంది. ఆ రోజు డబ్బాలో 38 పుస్తకాలు. తొమ్మిదోది రిజర్వ్ అయినది. శబ్దం రాగానే ఆవిడ ఎడమ చేయి గాల్లోనే ఆగింది. చేతిలోని పదో పుస్తకాన్ని మళ్లీ దొంతర మీద పెట్టి, తొమ్మిదోదాన్ని తీసి వేరుగా ఉంచి, ఒక చీటీ దూర్చి మళ్లీ మొదలుపెట్టారు. స్క్రీన్ వైపు ఒక్కసారే చూశారు.

అంతా అయ్యాక నావైపు తిరిగి, "శబ్దం కాస్త తగ్గించండమ్మా, అటుపక్క చదువుకునేవాళ్లున్నారు" అన్నారు. సమయం గడిలో 9:20 అని వేసి, మూడో గడిలో ఆ మాటే రాసుకున్నాను.